ఏడు కాళ్ళ పురుగు

నాన్నకి,

నొక్కను. నిన్న ఫోన్లో కూడా ఇదే అన్నాను, నువ్వు సగంలో పెట్టేశావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. నొక్కను గాక నొక్కను.

"నీకేం తెలియక్కర్లేదురా. ఔను అని ఉన్నచోట వేలు పెట్టి నొక్కు, చాలు" అన్నావు. ఏం చూసి నొక్కాలి నాన్నా అంటే, "తొమ్మిది తప్పినవాడివి, నువ్వు చూసి తేల్చేదేముంది? నేను చూశాగా!" అన్నావు. నిన్నటి నుంచి ఆ మాట చెవిలో దూరిన పురుగులా గిరగిరా తిరుగుతోంది. అంటే నీకు నా వేలు కావాలి. కళ్ళు అక్కర్లేదు.

సరే, ముందు రాయాల్సింది ఇప్పుడు రాస్తున్నా. నేనిక్కడ కులాసా. నువ్వూ అమ్మా అక్కడ కులాసాగా ఉన్నారని తలచుకోవడం నావల్ల కావట్లేదు. ఎందుకో కింద రాస్తాను.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవాటికి జవాబులు. పని అదే, బస్సులు కడగడం. ఆర్నెల్లు దాటింది, నాకే ఆశ్చర్యంగా ఉంది. "కాలుగాలిన పిల్లిలా ఇంకెన్ని చోట్లు మారతావు" అన్నావు. ప్లైవుడ్ మిల్లులో దుమ్ము, బేకరీలో ఓనరు బావమరిది, కొరియర్ పనిలో కుక్కలు. అన్నీ నీకు చెప్పినవే. దగ్గు తగ్గింది. గది మార్చలేదు. నాతో ఉండే వంటాయన అలమరలో నా డబ్బాలు చూసి, "తమ్ముడూ, ఇందులో తినేవేవో, నీవేవో కాస్త చీటీలు అంటించు, పొరపాటున పోపులో వేసేస్తా" అంటున్నాడు. అంటించాను.

ఇక్కడ నన్ను ఆపింది బస్సుల ముందు అద్దాలు. తెల్లారేసరికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి షెడ్డులో వరసగా నిలబడతాయి. అద్దం నిండా, రేడియేటర్ జాలీ నిండా పురుగులే. చిమ్మెటలు, తూనీగలు, మిడతలు, పెంకు పురుగులు. పైపు పెట్టి కొట్టేలోపు నాకు దొరికేది ఒక్కో బస్సుకి రెండు నిమిషాలు. ఫోన్లో ఫోటో తీస్తాను, బాగున్నదాన్ని కాగితంలో చుడతాను, తర్వాత నురుగు. డ్రైవర్లు నాకు డాక్టరని పేరు పెట్టారు. "ఏం డాక్టరూ, ఇవాళ పోస్టుమార్టం ఎన్ని?" అంటారు. మొన్న ఒకాయన తన బస్సుకి తగిలిన పెద్ద చిమ్మెటని టిఫిన్ డబ్బా మూతలో పెట్టి తెచ్చిచ్చాడు. "నీకోసం బండి స్లో చేశా, ఇంకా ప్రాణముందేమో చూడు" అన్నాడు. లేదు. కానీ రెక్క మీద పొడి కూడా చెదరలేదు.

వాటిని నోటు పుస్తకంలో రాసిపెడుతున్నానని నీకు చెబితే ఏమన్నావో గుర్తుందా? "ఎక్కడ పుట్టిందో ఎక్కడ చచ్చిందో తెలియని పురుగుకి రికార్డేంట్రా? అనాథ శవానికి జాతకం రాసినట్టు!" అమ్మ కూడా వెనక నుంచి నవ్వింది. బస్సు ఏ దారిన వచ్చిందో డ్రైవర్ని అడిగి, ఆ దారి పొడవునా ఎక్కడైనా అయ్యుండొచ్చని రాస్తాను నాన్నా. తెలియనిది తెలియదని రాయడం నువ్వు నేర్పిందే.

నువ్వు నేర్పనిదేముంది నాకు? తలుపంత వెడల్పు దుకాణం, నీ కంటికి బిగించుకున్న భూతద్దం, బల్ల మీద విప్పేసిన గడియారం. ఎవరూ రాకపోతే గడియారం పక్కకి నెట్టి, పురుగుని దాచిన అగ్గిపెట్టె తెరిచేవాడివి. స్టూలు మీద నన్ను నిలబెట్టి భూతద్దం నా కంటికి పెట్టేవాడివి. "కాళ్ళు లెక్కపెట్టు. రెక్కలు లెక్కపెట్టు. పేరు ఆఖర్న. తొందరపడి పేరు పెట్టేవాడంత అబద్ధాలకోరు ఇంకోడు లేడు." ఎనిమిది కాళ్ళున్న సాలీడుని పురుగన్నానని నెత్తి మీద మొట్టికాయ వేశావు. ఇప్పటికీ అక్కడ తడిమి చూసుకుంటాను.

దుకాణానికి సెలవు బుధవారం. బడికి కాదు. తొమ్మిదో తరగతి హాజరు పట్టీలో నా పేరుకెదురుగా ప్రతి బుధవారం సున్నా. ఆ సున్నాలన్నీ ఎవరి సంచీ మోశాయో, ఎవరి వెనకాల ముళ్ళపొదల్లో దూరాయో నీకు తెలుసు. తప్పాక మాత్రం, "వీడికి చదువు మీద ధ్యాస లేదు" అని వీధంతా చెప్పావు. ఒక్కరితోనైనా, "నేనే తిప్పాను" అనలేదు. నీ నోటు పుస్తకాల్లో "చూసినవారు" అన్న గడి ఉంటుంది కదా. నీలం వీపు పెంకు పురుగు నా చెప్పు కింద దొరికింది. చింతగింజంత గుడ్ల గూడు నేనే కనిపెట్టాను. గడిలో మాత్రం పొడుగునా నీ పేరే. నేను సంచీ మోసినవాణ్ణి, అంతే.

ఇక ఆ తేనెటీగ.

నువ్వు ఫోటో తీసి, జనం ఔనో కాదో నొక్కి పురుగు పేరు తేల్చే ఆ సైట్లో పెట్టావు. ఈ చుట్టుపక్కల ఇంతవరకూ ఎవరికీ కనపడని తేనెటీగ అన్నావు. మీ పురుగుల సంఘం సెక్రటరీ, ఆ మందుల షాపాయన, నువ్వన్నావని వెంటనే ఔను నొక్కాడు. సంఘం వేస్తున్న పురుగుల పుస్తకం అట్ట మీద దాని బొమ్మే వేస్తామన్నాడు. ఇంతలో ఆరుకాళ్ళు అని పేరు పెట్టుకున్న ఎవడో వచ్చి కాదన్నాడు. నీదీ ఆయనదీ రెండు ఔనులు, వాడిదొక కాదు. మూడింట రెండు వంతులు దాటితేనే సైటు ఖాయం చేస్తుంది కాబట్టి ఇంకో ఔను కావాలి. నెలాఖరుకి పుస్తకం అచ్చుకి పోతుంది. అందుకని నన్ను కొత్తగా ఖాతా తెరవమన్నావు. "ఆ ఆరుకాళ్ళు వెధవెవడో దొరికితే రెండు కాళ్ళు విరగ్గొడతా" అన్నావు.

దొరికాడు. నేనే.

ఏడాదిగా ఆ పేరుతోనే ఉన్నాను. కొత్త ఖాతా తెరవక్కర్లేదు నాకు. నేను పెట్టిన పురుగులకి ఇప్పటికి మూడొందల ఔనులు వచ్చాయి. అందులో పదకొండు నువ్వు నొక్కినవే. ఒకసారి కింద, "చక్కటి పరిశీలన, మీరేం చదువుకున్నారు?" అని కూడా రాశావు. జవాబివ్వలేదు. ఆ మాట మాత్రం చాలాసార్లు చదువుకున్నాను.

అది తేనెటీగ కాదు నాన్నా. ఈగ. తేనెటీగ వేషం కట్టిన ఈగ. రెక్కలు రెండే, నాలుగు కాదు. మీసాలు పొట్టి. కళ్ళు నెత్తి మీద ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. కాళ్ళకి పుప్పొడి లేదు. మన దుకాణం వెనక మురిక్కాలవలో పుట్టే ఈగ అది. పదేళ్ళప్పుడు దాన్ని చూసి నేను కుడుతుందని పరిగెత్తితే, నువ్వు వేళ్ళతో పట్టుకుని నా ముక్కు దగ్గర పెట్టి నవ్వావు. "తేనెటీగ పేరులో ఈగ ఉంది గానీ ఒంట్లో లేదురా. ఈగకి రెక్కలు రెండే. లెక్కపెట్టు." ఆ మాట చెప్పినవాడివే దాన్ని తేనెటీగ అన్నావు.

చూడగానే నాకు అయ్యో అనిపించిందని రాస్తే అబద్ధం. సంబరపడ్డాను. షెడ్డులో పైపు వదిలేసి ఎగిరాను. నీళ్ళు వెళ్ళి సూపర్‌వైజర్ బూట్లలోకి పోయాయి, తిట్టాడు, అయినా నవ్వుతూనే ఉన్నాను. తొమ్మిది తప్పినవాడు, ఊరంతా భూతద్దం గారని పిలిచే మనిషి తప్పు పట్టాడు! తొమ్మిదో తరగతి నుంచి కాచుకుని ఉన్నట్టు, కాదు అన్నచోట నొక్కాను. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. నిన్న నువ్వు ఆ మాట అనకపోయి ఉంటే చెప్పేవాణ్ణి కూడా కాదు.

అక్కడితో ఆగానా? ఇంకేమన్నా దొరుకుతాయేమోనని నీ రికార్డులన్నీ తవ్వాను, మొదటి నుంచీ. ఇరవై ఏళ్ళ నోటు పుస్తకాలు నువ్వే ఫోటోలు తీసి ఎక్కించావు కదా. ఒక్క తప్పు లేదు. పోయిన ఏడాది వానలు పడ్డాక మాత్రం తప్పులు మొదలయ్యాయి. గడ్డి మిడతని ఆకు మిడత అన్నావు. కందిరీగ కాని దాన్ని కందిరీగ అన్నావు. ఎండిన ఆకుని చిమ్మెట అన్నావు నాన్నా. ఆకుని! మొత్తం నలభై ఒకటి. లెక్క పెరిగేకొద్దీ నా నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నాకు తెలియలేదు.

అయినా నమ్మకం కుదరక ఒక పని చేశాను. పోయిన ఉత్తరంలో నీకో పెంకు పురుగు బొమ్మ గీసి పంపాను కదా, పెన్సిల్‌తో, అరచేతంత. దానికి ఏడు కాళ్ళు వేశాను. కావాలనే వేశాను. నా నాన్నయితే ఆ కాగితాన్ని నలిపి, ఫోన్ చేసి, "ఒరేయ్ గాడిదా, నీకు నేను నేర్పింది ఇదేనా?" అని నా తల వాచేట్టు చివాట్లు పెట్టాలి. ఆ తిట్టు కోసం వారం రోజులు ఎదురుచూశాను. నీ ఉత్తరం వచ్చింది. "బొమ్మ చక్కగా ఉంది. కాళ్ళ కీళ్ళు బాగా గీశావు" అని రాశావు.

ఆ ఉత్తరం కూడా చూశాను. సాలీడు దారం తీసినట్టుండేది నీ రాత. ఇప్పుడు ఒక వరస మీద ఇంకో వరస ఎక్కింది. రెండు చోట్ల కాగితం దాటి బల్ల మీద రాసినట్టున్నావు, మాటలు సగంలో తెగిపోయాయి. దుకాణంలో ఈమధ్య బ్యాటరీలు మార్చే పనే తీసుకుంటున్నావని అమ్మ నోరు జారింది. గడియారాలు విప్పేవాళ్ళకి ఈరోజుల్లో గిరాకీ లేదని సర్దింది కూడా. నాకు సర్దకండి.

అమ్మా, ఈ ఉత్తరం గట్టిగా చదువుతున్నది నువ్వేనని నాకు తెలుసు. ఇక్కడ ఆపకు. "ఇంకేం లేదండీ, కులాసా అంటున్నాడు" అని మడిచెయ్యకు. కాళ్ళు లెక్కపెట్టే అలవాటు నీకు లేదు కాబట్టి బొమ్మ సంగతి నీకు తెలియలేదు, అందులో నీ తప్పు లేదు. ఏడాదిగా ఆయన తలుపు గడియ తడుముకోవడం చూస్తూ నోరు మూసుకున్నావు చూడు, అది తప్పు. ఆయన కోపానికి నువ్వు భయపడతావు. నేనూ భయపడేవాణ్ణి. ఇప్పుడు రెండు ఊళ్ళ అవతల ఉన్నాను.

నాన్నా, నీ కళ్ళకి వచ్చింది శుక్లాలో, ఇంకేమిటో నాకు తెలియదు, నేను బస్సుల డాక్టర్ని. ఆపరేషన్ చేస్తే పోయేదే కావొచ్చు. ఆలస్యమైతే పోనిదీ కావొచ్చు. నీ లెక్క నాకు అర్థమైంది. దుకాణం ముందు జనం గుసగుసలాడుతున్నారు. పుస్తకం అట్ట మీద నీ తేనెటీగ వస్తే, భూతద్దం గారి కంటికి తిరుగులేదని అందరి నోళ్ళూ మూతపడతాయి. నేనొక్కసారి నొక్కితే చాలు. పుస్తకం ఇంటింటికీ వెళ్ళాక, ఏదో ఇంట్లో ఎవరో అట్ట మీద రెక్కలు లెక్కపెడతారు. అప్పుడు నవ్వేది నేనొక్కణ్ణే కాదు.

జాలిపడి రాస్తున్నాననుకోకు. నాకింకా కోపంగానే ఉంది. ఈ కోపంతోనే చెప్తున్నా విను. పదిహేనో తారీఖు లోపల కంటి డాక్టరు రాసిన చీటీ ఫోటో తీయించి నాకు పంపాలి. అమ్మ తీస్తుంది. చీటీ వస్తే, ఆ నలభై ఒకటి ఏవేవో నీకొక్కడికే రాసి పంపుతాను, నువ్వే దిద్దుకో. మందుల షాపాయనకి ఆ ఈగ సంగతి కూడా నువ్వే చెప్పుకో. చూపు బాగయ్యాక మళ్ళీ చూసి మార్చానంటే నీ గౌరవమేం తగ్గదు, పెరుగుతుంది. చీటీ రాలేదో, పదహారో తారీఖు నుంచి రోజుకొకటి చొప్పున కాదంటాను. నలభై ఒక్క రోజులు. మీ సంఘమంతా చూస్తుండగా. ఎందుకు కాదో కాళ్ళూ రెక్కలూ లెక్కపెట్టి కింద రాస్తాను, ఎవరూ నోరెత్తకుండా. నువ్వు నన్ను కొడుకు కాదన్నా సరే, రాస్తాను. నా మొండితనం ఎవరిదో నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకా రాయాలని ఉంది, ఆ నీలం వీపు పెంకు పురుగు గురించి, దాని గడిలో ఎవరి పేరు ఉండాలో. మూడో నంబరు బస్సు వచ్చింది, సూపర్‌వైజర్ ఈల వేస్తున్నాడు, అద్దం నిండా ఏవో ఉన్నాయి. పోవాలి.

ఇట్లు,
నీ కొడుకు