మధ్యలో పలికిన ఆమెన్

ఫాదర్ గారికి స్తోత్రం.

అయిదో తరగతితో ఆగిన చదువు, వంకర అక్షరాలు. తప్పులుంటే మన్నించండి. పెళ్లయ్యాక మొదటిసారి, మొన్న ఆదివారం అత్తయ్యతో వాళ్ల గుడికి వెళ్లాను. వాళ్లది మన కతోలిక తిరుసభ కాదు, పాస్టర్ గారి గుడి. పరలోక ప్రార్థన నాకూ వచ్చు గదా అని ధైర్యం చేసి గొంతు కలిపాను. "కీడు నుండి రక్షించుము" దగ్గర మనం ముగిస్తాం గదా, గట్టిగా "ఆమెన్" అనేశాను. వాళ్లంతా "రాజ్యము, బలము, మహిమ" అంటూ ముందుకెళ్లిపోయారు. తలలన్నీ నావైపు తిరిగాయి. ప్రార్థన తెంచేశానని కోపమేమో, అప్పటినుంచి అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. ఇంట్లో ఆవిడ కుట్టుమిషన్ చప్పుడు ఒక్కటే. అసలు అక్కడికి వెళ్లడమే పాపమా?

చదివి కాల్చేయండి.

మీ జపాల క్లాసులో చివరి బెంచీ పిల్ల

తా.క. మా ఆయనతో చెబితే, "పెళ్లినాడు కూడా నీ గొంతు అంత వినబడలేదు" అన్నారు.

*

చివరి బెంచీకి ఆశీస్సులు.

పాపమేం లేదమ్మా. బాప్తిస్మం పొందినవాళ్లంతా క్రీస్తులో మన తోబుట్టువులేనని మన తిరుసభ చెబుతుంది. కలిసి జపించు, కలిసి పాడు. పూజలో అందుకునే సత్ప్రసాదం మాత్రం ఇంకా కలిసి తీసుకోలేకపోతున్నాం. ఆ బాధ మనకూ ఉంది, వాళ్లకూ ఉంది. ఆ చివరి మాటలు మన పూజలోనూ ఉన్నాయని అత్తయ్యతో చెప్పు. "రక్షించుము" దగ్గర అందరూ ఆగుతారు, నేనొక చిన్న జపం చెబుతాను, ఆ తర్వాత అంటారు. అంతే తేడా.

మీ పాత ఫాదర్

తా.క. ఉత్తరం కాల్చలేదు. పాలు రెండుసార్లు మాడ్చానని వంటామె అగ్గిపెట్టె దాచేసింది.

*

ఫాదర్ గారికి, భయపడుతూ రాస్తున్నాను.

నోటితో చెప్పలేక మీ ఉత్తరం అత్తయ్య కత్తెర కింద పెట్టాను. రెండుసార్లు చదివారు. ఎనిమిది రోజుల తర్వాత నోరు విప్పి, "మధ్యలో మీ ఫాదర్ గారు అడ్డమొస్తారన్నమాట. చూద్దాం పద" అన్నారు. ఆదివారం మీ పూజకే వస్తారట. కొత్త జాకెట్టు కుట్టుకుంటున్నారు. మిషన్ వేగం చూస్తే పోట్లాటకే అనిపిస్తోంది. అక్కడ గొడవైతే ఇక ఈ ఇంట్లో నన్ను పలకరించేవాళ్లుండరు. ఈ ఒక్కవారం ఆ మధ్య జపం మానేయకూడదా?

చివరి బెంచీ

తా.క. రెండు అగ్గిపుల్లలు, గీసుకోవడానికి పెట్టె అంచు ముక్క జతచేశాను. ఈసారైనా కాల్చండి.

*

అమ్మాయికి,

నాకు నేనుగా మానేయడానికి అది నా సొంత జపం కాదు. ఇద్దరూ ముందు వరుసలో కూర్చోండి.

ఫాదర్

తా.క. పుల్లలు అందాయి. పాలు మూడోసారి మాడాయి.

*

ఫాదర్ గారికి స్తోత్రం.

నిన్న మీరు చూసిందే, అయినా రాయకుండా ఉండలేను. "రక్షించుము" దగ్గర అందరూ ఆగారు. అత్తయ్య ఒక్కరే "రాజ్యము, బలము" అని గుడంతా మోగేలా అందుకున్నారు. తలలన్నీ తిరిగాయి. ఆవిడను అలా ఒంటరిగా వదలబుద్ధి కాక, "మహిమ" దగ్గర నేనూ కలిశాను. మీరు మేం ముగించేదాకా ఆగి మీ జపం చెప్పారు. గుడంతా మళ్లీ అవే మాటలు అంది.

నేను సత్ప్రసాదం తీసుకుని వచ్చేసరికి అత్తయ్య కాళ్లు ముడుచుకుని దారిచ్చి, నా చెయ్యి పట్టుకున్నారు.

"కలిసి తీసుకునేది ఎప్పటికి తేలుతుందే?"

"ఇంకా టైం పడుతుందట అత్తయ్యా."

"అందాకా పక్కపక్కన కూర్చుందాంలే."

ఈ ఉత్తరం కాల్చకండి. తప్పులన్నీ అత్తయ్య దిద్దారు.

ముందు వరుస పిల్ల

తా.క. ఇది అత్తగారు రాస్తున్నది. ఫాదర్ గారికి వందనాలు. ఆ ఎనిమిది రోజులూ నాకు కోపం లేదు. నోరు తెరిస్తే నవ్వు ఆగదు, పిరికిపిల్ల నొచ్చుకుంటుందని మూసుకున్నాను. మీవాళ్లెక్కడ ఆగుతారో మీ ఉత్తరంలో చదువుకునే వచ్చాను. అంతమందిలో ఒక్కదాని గొంతే వినబడితే ఎలా ఉంటుందో చూద్దామని అందుకున్నాను. ఏం బాగాలేదండీ. ఇది గొంతు కలపకపోతే కొత్త జాకెట్టుతో సహా బెంచీ కింద దూరేదాన్ని.