సారె బిందె

మనూర్,
మంగళవారం

ఫోను ఎత్తని మా బాపుకు, ఎత్తేదాకా ఊరుకోని బిడ్డ నర్మద దండాలు.

అమ్మతో మాట్లాడినప్పుడల్లా నువ్వు పక్కనే ఉండి గోడవైపు తిరుగుతున్నావని చెబుతోంది. గోడలకు చెవులుంటాయంటారు గానీ బాపూ, జవాబు చెప్పే నోరైతే ఉండదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఏడో తరగతి చదివినోణ్ణని మాటిమాటికీ అంటావు కదా, ఆ చదువు ఇప్పుడు బయటికి తియ్యి. అమ్మకిచ్చి దాటవేయకు. ఇది నీకే రాసింది.

ఆ రోజు జరిగింది ఊరంతా చూసింది. నువ్వు నీ వైపు నుంచి చూశావు. నా వైపు నుంచి కూడా ఒకసారి చూడు.

మా ఆడవాళ్ల సంఘానికి ఊరి చెరువు దక్కడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్లూ మగవాళ్లు పట్టిన చేపల్ని గంపలకెత్తి నారాయణఖేడ్ బజారుకు మోయడమే మా వంతు. చెరువు మా చేతికిస్తే ముంచుతామని నవ్విన నోళ్లు ఊళ్లో ఇంకా మూతపడలేదు. ఈ ఏడు చేప పోయిందంటే మళ్లీ మాకు చెరువు ఎవరూ ఇవ్వరు, గంపలే గతి. అందుకే చేప పిల్లలు వచ్చిన రోజు అందరం ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నాం. సంచుల్ని విప్పకుండా నీళ్లమీద తేలవేసి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒక చల్లదనానికి వచ్చాక మెల్లగా వదులుతున్నాం. మాలో పెద్దది లక్ష్మవ్వ గట్టుమీద పసుపు కుంకుమలు చల్లుతోంది. సరిగ్గా అప్పుడే నువ్వు ఆటో దిగావు.

తెల్ల ధోవతి, కొత్త తువ్వాల, భుజాన ఇత్తడి బిందె, దాని మూతికి కట్టిన తడిగుడ్డ. నాకు లోపల ఏముందో అడగక్కర్లేదు. మన ఇంటి ఆడపిల్ల కొత్త పని ఏది మొదలుపెట్టినా పుట్టింటి చెరువు నుంచి జంట కొర్రమట్ట చేపల్ని సారెగా తెచ్చి ఆమె ఊరి నీళ్లలో వదలడం మన తాతల నాటి రివాజు. కొర్రమట్ట బురదలో కూడా బతుకుతుంది, ఆ జంట ఉన్న చెరువు ఎండదు అని చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని చెప్పేవాడివి. నా పెళ్లికీ అలాగే తెచ్చావు. నిన్ను చూడగానే నాకు కడుపు నిండిపోయింది బాపూ. గంపలు మోసే బిడ్డ చెరువుకు పెద్ద అయిందని నువ్వు ఊరందరికీ చెప్పడానికి వచ్చినట్టు అనిపించింది.

గుడ్డ విప్పాను. జంటలో పెద్దదాని పక్కమీద రూపాయి బిళ్లంత ఎర్రటి పుండు. తోక దగ్గర ఇంకొకటి మొదలవుతోంది.

సంగారెడ్డిలో చేపల శిక్షణకు పోయినప్పుడు దీని గురించే ఎక్కువ చెప్పారు. దాని పేరు నోరు తిరగదు, మనం పుండ్ల రోగం అంటాం. నీళ్లు చల్లబడ్డప్పుడు ఒక రకం బూజు చేప తోలులోకి దిగి మాంసం తినేస్తుంది. అది చేపతో ఒక్కదానితోనే రాదు. ఆ చేప ఈదిన నీళ్లతో వస్తుంది, తడి వలతో వస్తుంది, బురద కాళ్లతో వస్తుంది. మా చెరువుతో ఆగినా సరే అనుకోవచ్చు. వాగులో పడి మంజీరలో కలిస్తే అక్కడి పరిగె చేపలకూ జెల్లలకూ మందు వేసే దిక్కెవరు?

"బాపూ, ఇవి నీళ్లల్ల వెయ్యం" అన్నాను.

"ఏంది?" అన్నావు. వినపడక కాదు.

"పుండ్లున్నయి. వద్దు."

లక్ష్మవ్వ కుంకుమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్య తెచ్చిన సారె కాదంటవానే? ఇంటికి మంచిదేనా గిది?"

నువ్వు నవ్వుతూనే అన్నావు. "చలికి వచ్చిన మచ్చలు బిడ్డా. శివరాత్రికి చలి పోతది, గవి గూడ పోతయి. నువ్వు పుట్టకముందు సంది నీళ్లల్లనే ఉన్న నేను."

"ఎప్పటి సంది ఉన్నా గీ చేప మా చెరువుల పడదు బాపూ."

అప్పుడు నీ నవ్వు పోయింది. మా దగ్గర చేప కొని ఖేడ్‌లో అమ్మే బిస్మిల్లాబీ ఎంత బతిమాలింది. "చాచా, జర కూసోన్రి, చాయ్ తాగి పోన్రి." నువ్వు చాయ్ కాదు, మంచినీళ్లు కూడా ముట్టలేదు. బిందె నీ చేతిలోంచి నేనే తీసుకున్నాను. గట్టుకు దూరంగా గుంత తవ్వించి, చేపల్నీ ఆ నీళ్లనూ సున్నం చల్లి పూడ్చాం. బ్లీచింగ్ పొడితో బిందె తోమి తెచ్చి నీకిచ్చాను.

ఖాళీగా ఇచ్చాను. నువ్వు లోపలికి ఒకసారి చూశావు. పక్కింటివాళ్లు కూర పంపిన గిన్నెను కూడా మనం ఉత్తగా తిరిగి ఇవ్వం, చిటికెడు చక్కెరైనా వేస్తాం. నేను కన్నతండ్రికి సారె బిందె ఉత్తగా చేతిలో పెట్టాను. దాన్ని భుజాన పెట్టుకుని నువ్వు నడుస్తుంటే, ఎదురొచ్చేవాళ్లు ఖాళీ బిందె శకునం అని పక్కకు తప్పుకున్నారు. అది నేను చూశాను. ఏడుపొచ్చింది. అయినా పిలవలేదు, పిలిస్తే వేసేద్దాం లే అని నా నోరే అనేస్తుందని భయపడ్డాను.

చేసింది తప్పని ఒప్పుకోవడానికి ఈ ఉత్తరం రాయలేదు. మళ్లీ అలాంటివే తెస్తే మళ్లీ గుంత తవ్విస్తాను. బిందె సంగతి ఒక్కటే నాకు ముల్లులా ఉంది. బ్లీచింగ్ వాసన పోలేదు, అందులో బియ్యం పోస్తే అమ్మ తెలియక వండుతుందని పోయలేదు. పసుపుకొమ్మ ఒకటి తీసి నీ తువ్వాల కొంగున కట్టొచ్చు కదా అని నువ్వు వెళ్లిపోయాక తోచింది. తెలివి ఎప్పుడూ బస్సు పోయాకే వస్తుంది నాకు.

నీ మొండిఘటం,
నర్మద

•

నాగల్‌గిద్ద దారి,
శనివారం

నర్మదకు,

ఉత్తరం అందింది. చదివాను. మీ అమ్మకు వినిపించలేదు. బిందె ఖాళీగా వచ్చిందన్న సంగతే ఆమెకు ఎక్కువైంది. దాన్ని గడప దాటనియ్యలేదు. కొట్టం పక్కన బోర్లించి పెట్టింది, అక్కడే ఉంది.

నీకు ఈత నేర్పింది ఈ చెరువే. ఈ నీళ్లు తాగి ఇంతదానివయ్యావు. ఇప్పుడు ఈ నీళ్లకే రోగం అంటున్నావు. శిక్షణలో చెప్పినవాళ్లు మంచివాళ్లే కావచ్చు, వాళ్లు మాత్రం నీకు అయ్య కారు. నలుగురి ముందర నువ్వు వద్దన్నది చేపను కాదు.

ఇంకొక మాట. మీకు పైనున్న చెరువులో చేపలు పడుతున్నారు. దోస్తు బస్వరాజ్ నా పెద్ద వల కావాలన్నాడు. ఇన్నేళ్లలో అతను అడిగితే లేదన్నది లేదు. వచ్చే శుక్రవారం వలతో, మనుషులతో పోతున్నాం. దారిలో మీ ఊరు వస్తుంది. దిగను.

మొగులప్ప

•

మనూర్,
సోమవారం

కింద 'మొగులప్ప' అని సంతకం పెట్టిన మా బాపుకు,

సంతకం చూసి మీ అల్లుడు దేవానందం పడీపడీ నవ్వాడు. "మీ నాయినకు నువ్వు, నీకు మీ నాయిన. గీ రోగానికి ఏ దవాఖానల మందు లేదు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. బిడ్డకు ఉత్తరం రాస్తూ బాపు అని రాయడానికి నీకు చెయ్యి రాలేదంటే ఎంత కష్టపెట్టానో తెలిసింది. దానికి నీ కాళ్లు పట్టుకుంటాను. వల సంగతికి మాత్రం పట్టుకోను.

పై చెరువు తూము యాసంగి పొలాలకు వదిలారు. పొలాలకు పోగా మిగిలిన నీళ్లు కాల్వ వెంట మా చెరువులోకే దిగుతాయి. నీ వల మీ చెరువులో మునిగింది, ఇంకా తడిగానే ఉంటుంది. దాన్ని తెచ్చి పై చెరువులో వేస్తే, నువ్వు మా ఊళ్లో దిగకపోయినా నీ చెరువు నీళ్లు దిగుతాయి. ఆ రోజు గుంత తవ్వి పూడ్చింది కాల్వ దారిన మా ఇంటికే వస్తుంది.

నా మాట వద్దు, శిక్షణలో చెప్పినవాళ్ల మాట వద్దు. నీ మాటే నీకు గుర్తుచేస్తాను. గాలికుంటు వచ్చిన ఏడు మన ఎడ్లను సంతకు తోలావా? మీ తమ్ముడు గిత్తను తోలుకొస్తే వాకిట్లోంచే వెనక్కి పంపలేదా? నేను చిన్నపిల్లను, బాబాయిని ఎందుకు రానివ్వలేదని అడిగాను. "ఆయన మీద కోపం లేదు బిడ్డా, కొట్టంల ఎడ్ల మీద పావురం, గవి మన పాణం" అన్నావు. బాబాయి నెల తిరక్కుండానే వచ్చి మనింట్లో అన్నం తిన్నాడు. ఎద్దుకు ఒక న్యాయం, చేపకు ఒక న్యాయమా?

చలి పోతే పుండ్లు తగ్గుతాయని నువ్వన్నది అబద్ధం కాదు. శిక్షణలోనూ ఎండలు ముదిరితే చాలావరకు మానుతుందనే చెప్పారు. మరి ఎండలు వచ్చేదాకా మీ చేప ఊరు దాటకపోతే చాలు కదా. చచ్చినవాటిని ఒడ్డున పారేయకుండా పూడ్పించు. వలను సబ్బుతో ఉతికి, ముట్టుకుంటే గలగలమనేదాకా ఎండలో ఆరెయ్యి. సున్నం ఎంత వెయ్యాలో చేపల ఆఫీసులో అడిగి, బస్తాలతో నేనే వస్తాను. నువ్వు గోడవైపు తిరిగినా నీ చెరువులో నేనే చల్లుతాను, ఈత నేర్పిన చెరువు కదా.

ఇవన్నీ విన్నాక కూడా శుక్రవారం వల తెస్తే, మనూర్ మలుపు దగ్గర ఆటోకు అడ్డంగా నిలబడతాను. లక్ష్మవ్వ కూడా నిలబడతానంటోంది. మొదట నన్ను తిట్టిన లక్ష్మవ్వే. మా చేప పిల్లలు చిటికెన వేలంత అయ్యాయి బాపూ. తవుడు చల్లితే నీళ్లు ఉడికినట్టు పైకొస్తున్నాయి. వాటిని చూశాక ఆమె మనసు మారింది. నువ్వూ ఒక్కసారి చూస్తే బాగుండు.

నువ్వు ఎలా సంతకం పెట్టినా నీ బిడ్డే,
నర్మద

•

నాగల్‌గిద్ద దారి,
శుక్రవారం

నా బిడ్డ నర్మదకు బాపు దీవెనలు.

ఈపాటికి మలుపు దగ్గర నిలబడి ఉంటావు. ఈ ఉత్తరం తెచ్చిన అంజద్ ఆటోను ఆపే ఉంటావు. అందులో నేను లేను, వలా లేదు. ఇంటికి పోయి నెమ్మదిగా చదువు.

ఎడ్ల మాట చదివి నాకు చాలా కోపం వచ్చింది. జవాబు లేనప్పుడు వచ్చే కోపం అది. నిన్న బస్వరాజ్ బండి మీద వచ్చాడు. వల దండెం మీద ఉంది. మడతపెట్టమన్నాడు.

"ఇయ్య" అన్నాను. "మా చెరువుల పుండ్ల రోగమున్నది. వల తడిగున్నది."

"ఎన్నడన్న లేదన్నవా మొగులన్నా? ఇయ్యాల ఏమైంది? బిడ్డ నేర్పిందా?"

"అవు. బిడ్డనే నేర్పింది."

మీ అమ్మ చాయ్ తెచ్చే లోపలే బండి తిప్పుకుని పోయాడు. చిన్నప్పటి దోస్తు. నేను వాకిట్లో నిలబడే ఉన్నాను. పిలుద్దామని నోటిదాకా వచ్చింది, పిలిస్తే వల ఇచ్చేస్తానని పిలవలేదు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఆ రోజు నన్ను పిలవలేదని ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకుని మండిపోయాను. పిలవకుండా నిలబడడం ఎంత బరువో నిన్న తెలిసింది. బస్వరాజ్ వస్తాడులే, మా తమ్ముడు రాలేదా. రాకపోతే నేనే పోతాను.

ఇంకొకటి నీకు చెప్పాలి. మీ అమ్మకు కూడా చెప్పలేదు. ఆ జంటను నేను చూడకుండా తేలేదు. ఆ రోజు పొద్దుటి నుంచి వల వేస్తూనే ఉన్నాను. పుండు లేని కొర్రమట్ట ఒక్కటీ దొరకలేదు. ఉన్నవాటిలో తక్కువ మచ్చలున్నవి ఏరి బిందెలో వేశాను. గుడ్డ విప్పకుండా నీళ్లలో వంపేస్తావనుకున్నాను. నా బిడ్డ చెరువుకు పెద్ద అయిన రోజు ఉత్త చేతులతో ఎలా రావాలి? ఆ ఒక్క సిగ్గుకు నీ చెరువును ముంచబోయాను. నువ్వు వద్దన్నది నన్నేనని రాశాను. కాదు. నువ్వు చూడమన్నది నేను చూసి కళ్లు మూసుకున్నదాన్నే.

చచ్చినవాటిని పూడ్చాం. మా సంఘంలో అందరికీ చెప్పాను, కొందరు తిట్టారు, అయినా ఎండలు వచ్చేదాకా బతికున్న చేప ఊరు దాటదు. వల ఇంకా గలగలమనడం లేదు, ఆరుతోంది. సున్నం బస్తాలతో వస్తానన్నావు. రా. నువ్వు చల్లు, నేను పుట్టి నడుపుతాను.

అంజద్ చేతికి బిందె ఇచ్చి పంపుతున్నాను. కొట్టం దగ్గరి నుంచి తెచ్చి, సున్నంతో తోమి, చింతపండుతో తోమి, ఎండలో పెట్టాను. ఈ పొద్దున మీ అమ్మ చూసి లబోదిబోమంది.

"ఖాళీ బిందె బిడ్డింటికి పంపుతరా ఎవరన్న? గింత పసుపన్న వెయ్యి."

"వద్దు శివమ్మా" అన్నాను. "గీ ఏడు మన ఇంట్ల బిడ్డకు ఇయ్యదగ్గ మంచి వస్తువు గా ఖాళీనే."

ఆమె తన కొంగుతోనే లోపల తడి లేకుండా తుడిచి, ఆటోలో తనే పెట్టింది.

లక్ష్మవ్వను భయపడొద్దని చెప్పు. లోపల ఏమీ లేదు. చుక్క నీరు కూడా లేదు, చెయ్యి పెట్టి చూసుకో. ఇదే ఈసారి సారె. గడప లోపల పెట్టుకో.

నీ బాపు