సంతోషకుమారి మోకాలి సాక్ష్యం

గుంటూరు,
7 ఏప్రిల్ 2025, సోమవారం.

పెద్దమ్మ సంతోషకుమారి గారికి,

మీ చెల్లెలి కూతురు మహిమ ప్రభువు నామంలో వందనములతో వ్రాయునది. ఇక్కడ అందరం బాగున్నాం, ఎండలు తప్ప వేరే కష్టం లేదు. ఇంతవరకు పద్ధతి ప్రకారం రాశాను. ఇక నిన్ను మీరు, గారు అనడం నావల్ల కాదు.

ఫోన్లో చెబుదామంటే నువ్వు స్పీకర్ పెడతావు. వీధంతా వింటుంది, నువ్వు తప్ప. అందుకే ఉత్తరం. బుధవారం తమ్ముడు ప్రభు ఏదో పనిమీద మీ పొదిలి వస్తున్నాడు, వాడి చేతికిచ్చి పంపుతాను.

నిన్న మీ అబ్బాయి జయపాల్ ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు. ఫిబ్రవరిలో నువ్వు మందిరంలో లేచి, మా మహిమ ఇచ్చిన జెల్ రాసుకుంటే ప్రభువు దయవల్ల నా మోకాలు వంగుతోంది అని సాక్ష్యం చెప్పావు. పాస్టరమ్మ హెలెన్ గారు కూడా నేనిచ్చిన సీసాయే వాడారు, ఆమెకు గుణం కనపడలేదు. దాంతో సంఘపెద్ద జక్రయ్య గారు, చెల్లెలి కూతురి మందుకు పేరు రావాలని దేవుని ముందే అబద్ధమాడింది అన్నారట. ఈ వచ్చే మట్టల ఆదివారం నాడు లేచి ఆ సాక్ష్యం వెనక్కి తీసుకోమన్నారట. నువ్వు సరేనన్నావట! ఇదే నాకు మింగుడు పడలేదు. మిరప పనులు అయిపోయాక నొప్పి మళ్లీ వచ్చిందని, నేను నిజంగానే అబద్ధమాడానేమోరా అని జయపాల్ దగ్గర ఏడ్చావట. ముప్పై ఏళ్లు ఆదివారం బడి పిల్లలకు వాక్యాలు నేర్పినదానివి, నీకు అబద్ధమేదో నిజమేదో తెలియదా?

అసలు నేనేం చేశానో ఇంకోసారి చెబుతాను. నూనె, నీళ్లు కలవవు. నూనెను కంటికి ఆననంత చిన్న చుక్కలుగా నీళ్లలో చెదరగొట్టి, ఆ నీళ్లను జెల్‌లా గట్టిపడేలా చేస్తాం. దాన్నే ఎమల్జెల్ అంటారు. నొప్పి మందు ఆ నూనెచుక్కల్లో కరిగి ఉంటుంది. నీళ్లను చర్మం అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. నూనెచుక్కల్లో కరిగిన మందును మాత్రం రానిస్తుంది. రుద్దితే జిడ్డు ఉండదు, కడిగితే పోతుంది, మాత్రలా కడుపులో మంట పెట్టదు. నా చదువంతా ఈ నాలుగు ముక్కలే.

అయితే మందు పనిచేస్తుందో లేదో చూడ్డానికి మీకిచ్చే పరీక్ష సీసాలన్నిటిలో మందు ఉండదు. కొన్ని ఉత్తి జెల్. ఏది ఏదో చెప్పే చీటీ మా సార్ దగ్గర మూసిన కవర్లో ఉంటుంది, నాకూ తెలియదు. నువ్వు పరీక్షకు ఒప్పుకుని సంతకం పెట్టేముందే ఇది చెప్పాను. వడ్డించేది మన పిల్లయితే కడబంతిలో కూర్చున్నా ముక్క తగ్గదులే అని నవ్వావు. వడ్డన నా చేతిలో లేదే తల్లీ అంటే వినలేదు.

జనవరిలో నువ్వు మంచం పట్టె పట్టుకుని లేచేదానివి. మార్చిలో నేను కొలతలకు వచ్చినప్పుడు మిరప కల్లంలో బాసిపట్లు వేసుక్కూర్చుని తొడిమలు తీస్తున్నావు. నా కళ్లతో చూశాను. నా పరీక్షలో ఉన్నవాళ్లందరిలో నీకే ఎక్కువ తగ్గింది. నిజం చెప్పాలంటే నీ ఒక్క మోకాలు మీదే ఆకాశానికి నిచ్చెనలు వేస్తున్నాను.

ఆరోజు నీకు పెట్టిన చివాట్లు గుర్తున్నాయా? చేతులకు మంట పుట్టకుండా మీరంతా పొద్దున్నే కొబ్బరినూనె పట్టించి పనిలోకి దిగుతారు. సాయంత్రానికి ఆ నూనెనిండా కారమే. మిగతావాళ్లు ఇంటికెళ్లి, సబ్బుతో కడుక్కుని అప్పుడు జెల్ రాసుకుంటారు. నీకు మాత్రం ఆటో వచ్చేలోపే కల్లంలోనే పని కానివ్వాలి. శుభ్రమైన చేత్తో రాసుకోమన్నాను కదా అంటే, కొంగుకు తుడుచుకున్నాగా, ఇంకేం శుభ్రమే అన్నావు. మంట పుట్టదా అంటే, వెచ్చగా హాయిగా ఉంటుందే పిచ్చిదానా అన్నావు. ఏళ్ల తరబడి మిరపలో మగ్గిన ఒళ్లు కదా అని నవ్వి ఊరుకున్నాను.

రేపు కవర్ విప్పుతారు. నీ సీసాలో మందు ఉందని తేలుతుంది. ఆ కాగితం జక్రయ్య గారి ముందు పెడదాం. అప్పటిదాకా నువ్వు నోరు విప్పొద్దు.

వేళకు తిను. జయపాల్‌ను, పిల్లలను అడిగానని చెప్పు.

నీ
మహిమ

తాజా కలం: మంగళవారం సాయంత్రం. కవర్ విప్పారు. హెలెన్ గారి సీసాలో మందు ఉంది. నీ సీసాలో లేదు. నీది ఉత్తి జెల్.

మధ్యాహ్నమంతా ల్యాబులో ఏడ్చాను పెద్దమ్మా. నా మందు ఉత్తి జెల్ కంటే కాస్త నయం, అంతకు మించి ఏమీ లేదు. అప్పుడు సార్, ఆవిడ ఏం పని చేస్తారు అని అడిగారు. మిరప తొడిమలు తీస్తుంది అన్నాను. అన్నాక నాకే వెలిగింది. కారం ఘాటు నూనెలో కరుగుతుంది. నా జెల్‌లో ఉన్నది నూనెచుక్కలే. వాటికి మందేదో కారమేదో తెలియదు, కరిగినదాన్ని లోపలికి మోస్తాయి. మిరప ఘాటుతో కీళ్లనొప్పి పూతలు చేస్తారని నేను కాలేజీ పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదే. నీ మోకాలికి పనిచేసింది నీ చేతుల కారం. మిరప పని ఆగింది, కారం అందలేదు, నొప్పి తిరిగొచ్చింది. అంతే తప్ప నీ విశ్వాసంలో లోపం లేదు. మళ్లీ నీ అంతట నువ్వు కారం పూసుకోకు, బొబ్బలెక్కుతాయి.

నియమం తప్పింది కాబట్టి నీ కొలతలు పక్కన పెట్టమన్నారు, పెట్టేశాను. నీ మోకాలు లేకపోతే నా పరీక్షలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

మట్టల ఆదివారం నువ్వు లేవొద్దు. శనివారం రాత్రికే నేను వస్తున్నాను. మందిరం గడప తొక్కి ఏళ్లయింది, జక్రయ్య గారు దానికీ నాలుగు అంటారు, అననీ. సంతోషకుమారి చెప్పింది నిజమని, పనిచేయనిది నా మందేనని, సంఘం ముందు లేచి నేనే సాక్ష్యం చెబుతాను.