కళ్లు మూసుకుని చెప్పిన మాట

అక్టోబర్ 3, 1982. ఆదివారం.

పరువు పోయింది. ప్రార్థన కూడిక ఈ వారం కరుణక్క ఇంట్లో — తోడబుట్టింది కాదు, పిలుపుకే అక్క. ఎనిమిది కుటుంబాలు, హాల్లో దుప్పట్లు పరుచుకుని. అక్క వంతు వచ్చింది. కళ్లు మూసుకుని, చేతులెత్తి — “ఉద్యోగం పోయి నెల్లాళ్లుగా బాధపడుతున్న మా తమ్ముడు డేవిడ్‌ని జ్ఞాపకం చేసుకో ప్రభువా...”

నెల్లాళ్లుగా దాచాం. మా ఆయన రోజూ టై కట్టుకుని ఆఫీసుకన్నట్టు లైబ్రరీకి వెళ్లి కూర్చుంటున్నారు. అక్కకి ఒక్కదానికే చెప్పాను, కారులో, ఎవరికీ చెప్పనని మాట తీసుకుని. నోట్లో నువ్వుగింజ నానదు ఆవిడకి! ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి అందరూ మావైపే చూస్తున్నారు.

 ఇంటికొచ్చాక ఆయన ఒక్కటే మాట — “చెప్పుకోవడానికి నా ఉద్యోగమే దొరికిందా నీకు?”

అక్టోబర్ 4.

అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

అక్టోబర్ 5. మంగళవారం.

ఎంత కోపమున్నా, ఇద్దరం కలిసి చదివే ఇంగ్లిష్ క్లాసుకి అక్క కారే ఎక్కాలి. నాకు డ్రైవింగ్ రాదు. అమెరికాలో, ఈ సన్నీవేల్‌లో కారు లేకపోతే కాళ్లు లేనట్టే. అక్క ఏమీ జరగనట్టే ఉంది — “ఫోనెత్తలేదేమే నిన్న?” తలనొప్పి అన్నాను. నన్ను దింపేసి తను పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఈరోజు మాట — స్లై. మా టీచర్ మిసెస్ పీటర్సన్ రెండుసార్లు చెప్పారు. తెలివైన అని కాదు. పైకి ఒకటి, లోపల ఒకటి పెట్టుకుని చాటుగా పని కానిచ్చుకునే మనిషి అట. జిత్తులమారి, అంతే కదా. నేను ‘ద ఫాక్స్ ఈజ్ స్లై’ అని రాస్తే కొట్టేశారు. నక్కలొద్దు ప్రేమా, నీకు తెలిసిన మనిషి గురించి రాసుకురా, పేరు అక్కర్లేదు అన్నారు.

ఇంటికొచ్చి ఐదు నిమిషాల్లో రాశాను. ఏ హోంవర్కూ ఇంత తేలిగ్గా రాలేదు — ‘మై ఫ్రెండ్ ఈజ్ స్లై. షీ క్లోజెస్ హర్ ఐస్ అండ్ టెల్స్ మై సీక్రెట్ టు గాడ్, సో ఎవ్రీబడీ కెన్ హియర్.’

సుధ చదివింది. ఏడేళ్ల పిల్ల. “అమ్మా, దట్స్ నాట్ నైస్. అది మంచి వర్డ్ కాదు.”

పోయి పాలు తాగు అని కసిరాను.

అక్టోబర్ 7. గురువారం.

నా వాక్యం బోర్డు ఎక్కింది. పేరు చెప్పలేదు కానీ, ఒక్క తప్పు కూడా లేదు, ఎక్సలెంట్ అన్నారు మిసెస్ పీటర్సన్. క్లాసంతా నవ్వింది. అందరితో పాటు అక్కా నవ్వింది. నవ్వుతూనే గుండ్రటి అక్షరాలతో దాన్ని నోట్సులోకి ఎక్కించుకుంది. నాకు లోపల సంతోషంగానే ఉంది. అబద్ధం ఎందుకు రాయాలి?

వచ్చేటప్పుడు కారులో — “ఆ స్లై అంటే ఏంటే ప్రేమా? మొన్న నేను లేను కదా.”

అక్కడే చెప్పేయాల్సింది. నీ గురించే రాశాను, నా కడుపు మండింది అని పోట్లాడేయాల్సింది. పోట్లాడుకుంటే సాయంత్రానికి కలిసిపోయేవాళ్లం.

“బాగా తెలివైన వాళ్లు అని అక్కా” అన్నాను.

“అలాగా! అయితే ఎవరో ప్రార్థనాపరురాలి గురించి రాశారు” అంది. సిగ్నల్ దగ్గర ఆగి తనలో తను అనుకుంటోంది... స్లై, స్లై...

అక్టోబర్ 9.

ప్రసాద్‌రావు గారి ఫోన్. ఆదివారం కూడికలో ఉన్నాయన. “కరుణమ్మ గారు ప్రార్థించబట్టి తెలిసింది. లేకపోతే మాకెలా తెలుస్తుందండీ? మా ఆఫీసులో ఒక ఖాళీ ఉంది. సోమవారం రెజ్యూమె తీసుకుని రమ్మనండి.”

నెల తర్వాత మొదటిసారి ఆయన కూనిరాగం తీశారు. నేను నోట్సు తీసి నా వాక్యం మళ్లీ చదువుకున్నాను.

అక్టోబర్ 12. మంగళవారం.

రాయాలంటే చెయ్యి రావడం లేదు.

అక్క లేచి తన వాక్యం చదివింది. పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు, గర్వంగా. ‘మై ఫ్రెండ్ ప్రేమ ఈజ్ వెరీ స్లై. షీ టీచెస్ మీ ఆల్ ద న్యూ వర్డ్స్.’

మిసెస్ పీటర్సన్ నొప్పించకుండా సరిచేశారు. ఆ మాట మెచ్చుకోవడానికి వాడరు కరుణా, అని నెమ్మదిగా అర్థం చెప్పారు. అక్క నోట్సులో ఒక పేజీ వెనక్కి తిప్పింది. గుండ్రటి అక్షరాల కింద వేలు పెట్టి, ఒక్కో మాటా చదువుకుంది. నావైపు చూడలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

అక్క వాక్యం కొట్టేశారు కానీ, దాంట్లో తప్పేముంది?

 మా ఇంటి ముందు కారాపి, అక్క స్టీరింగ్ వైపే చూస్తూ — “దేవుడికి చెప్పుకోవడం కూడా చెప్పడమేనని నాకు తోచలేదమ్మా. తప్పయింది.”

నన్ను ఎప్పుడూ ‘ఏమే’ అనే మనిషి. ఈరోజు ‘అమ్మా’ అంది.

అక్టోబర్ 14.

కారు రాలేదు. నడిచి వెళ్లాను, యాభై నిమిషాలు. అక్క కుర్చీ ఖాళీ.

అక్టోబర్ 17. ఆదివారం.

అక్క కూడికకి వచ్చింది, వెనక కూర్చుంది. ఊళ్లో ఉన్న అందరి పేర్లూ ఎత్తి ప్రార్థించే మనిషి... ఒక్క పేరూ ఎత్తకుండా ముగించేసింది. నా వల్లే.

అక్టోబర్ 20.

ఆయనకి ఉద్యోగం వచ్చింది. “ముందు మీ అక్కకి చెప్పు” అన్నారు. ఆయనకేం తెలుసు. డయల్ సగం తిప్పి పెట్టేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

అక్టోబర్ 24. ఆదివారం.

కూడికలో సాక్ష్యం చెప్పమన్నారు — దేవుడు చేసిన మేలు అందరి ముందూ. లేచాను. దేవుడికి వందనాలన్నాను, ప్రసాద్‌రావు గారికి కృతజ్ఞతలన్నాను. అక్క పేరు మాత్రం చెప్పలేకపోయాను. అందుకని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. “నన్ను ప్రేమించిన మనిషిని గాయపరిచాను ప్రభువా... అడిగితే అబద్ధం చెప్పాను... క్షమించు...” ఏడుపొచ్చింది. నిజం ఏడుపే.

సగంలో తెలిసింది, గొంతు పెంచుతున్నానని. వెనక కూర్చున్న అక్కకి వినపడేలా. పది అడుగుల దూరంలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లి చెప్పలేక, కళ్లు మూసుకుని దేవుడికి చెబుతున్నాను. అక్క చేసినప్పుడు దాంట్లో జిత్తు లేదు. నాది జిత్తే.

అందరూ ఆమెన్ అన్నారు. అందులో అక్క గొంతు వెతికాను. ఉందో లేదో తెలియలేదు. చూద్దామంటే కళ్లు తెరవడానికి ధైర్యం చాలలేదు.