రాగంలో కనపడని జబ్బు

1954, బుధవారం, రాత్రి.

నా జబ్బు ఏపాటిదో ఏడాదిగా నేను తేల్చుకోలేకపోయాను. మార్కాపురం డాక్టరు ఇవాళ పది నిమిషాల్లో తేల్చేశాడు.

ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టమన్నాడు. ఐదు దగ్గర ఎవరో పీక నొక్కినట్టు గొంతు బిగుసుకుపోయింది. ఎనిమిది ముక్కలుముక్కలుగా వచ్చింది. అద్దం పెట్టి చూశాడు. పుండు లేదు, వాపు లేదు. "నరాలదేమో. కర్నూలు ఇప్పుడు రాజధాని కదా, అక్కడి పెద్దాసుపత్రికి రాసిస్తా" అని కలం తీశాడు.

అప్పుడు నోరు విప్పాడు మా హెడ్మాస్టరు. సాయంగా వస్తానని నాతో బస్సెక్కిన మనిషి! "పిల్లోళ్లకు ఎక్కాలు రాగం తీసి చెప్పేటప్పుడు ఈయన గొంతు గంట మాదిరి ఉంటది సార్. పాఠం చెప్పమంటేనే పట్టుకుంటది. ఇదేం జబ్బు సార్?"

"పదమూడో ఎక్కం చెప్పవయ్యా" అన్నాడు డాక్టరు.

చెప్పాను. పదమూడు రెండ్ల ఇరవైయారు... చివరిదాకా ఎక్కడా తెగలేదు. డాక్టరు నవ్వి కలానికి మూత పెట్టాడు. మధ్యలో తడబడినట్టు నటించి ఉంటే నమ్మేవాడేమో. రాగంలో పలికే గొంతు మాటలో ఎందుకు చస్తుందో నాకూ తెలియదు. తెలియదని ఆయనా అనొచ్చు కదా!

ఇంటికి రాగానే నా భార్య ఎదురొచ్చింది. "ఏమన్నాడు డాక్టరు? కర్నూలు పొమ్మన్నాడా?"

మూడుసార్లు ప్రయత్నించాను. మాట రాలేదు. చివరికి ఎక్కం రాగంలోనే చెప్పాను: "జబ్బూ లేదంట, గిబ్బూ లేదంట, రేపటి నుంచి బడికి పొమ్మంట."

ఒక్క అక్షరం తెగలేదు. ఆమె చంకలోని మా చంటిది పాటనుకుని చప్పట్లు కొట్టింది.