గెడ పాతిన చోటు

ఏమయ్యా,

ఇవాళ నీ సంవత్సరీకం. నేను చెబుతుంటే మనవరాలు సుజాత రాస్తోంది. క్వాంటం అణువుల గందరగోళాన్ని ఇది కంప్యూటర్లో లెక్క కడుతోంది. ఒక్కో అణువు చేరినప్పుడల్లా యంత్రం రెండింతలు కావాలట. కొన్ని చేరేసరికే అది చేతులెత్తేస్తుందట.

పొద్దున్న ఇది రేపటి బస్సుకి సర్దుకుంటుంటే మన పెద్దోడు పెట్టె లాక్కున్నాడు.

“తేలని లెక్కకి చదువెందుకే? మానెయ్.”

“ఎక్కడిదాకా తేలుతుందో చూపించడమే నా పని నాన్నా,” అంది.

నేను అడ్డం వెళ్లాను. “దరియాలతిప్ప దగ్గర ఇసుకమేట మొదలయ్యే చోట మీ అయ్య ఏటా వెదురు గెడ పాతేవాడు. పడవలన్నీ దాన్ని చూసే వెనక్కి తిరిగేవి. చేతకానోడని ఎవడైనా అన్నాడా? దీన్నీ ఓ గెడ పాతనియ్యరా.”

వాడు పెట్టె దాని ముందు దింపాడు. వరదకి గెడ కొట్టుకుపోయి మేట చోటు మారిన ఏడు, కొత్తది పాతకముందే చేపల వేటకెళ్లిన నువ్వు తిరిగి రాలేదని వాడికీ తెలుసు.