విరేచనాల వార్డు తాళం

వైద్యాధికారిగారికి నమస్కారం.

విరేచనాల వార్డుకు తాళం వేయడం పేదల మీద కుట్ర అంటూ పోయిన వారం నేను పంపిన అర్జీని దయచేసి చించేయండి. పేదల ప్రాణాలు తీసేది విరేచనాలేనన్న కరపత్రాన్ని నమ్మి రాశాను; అది నేను పుట్టకముందు అచ్చయిందట.

అర్జీ పంపాక నేను ఆసుపత్రి గుమ్మంలో బైఠాయించి అరుస్తుంటే నర్సమ్మ నవ్వింది. "కుళాయి నీళ్ళొచ్చాక ఆ రోగులే రావట్లేదు బాబూ. తలుపు తీసి నిన్ను పడుకోబెట్టనా?" అంది. ఇంతలో, జనబలం కోసం నేను వెంట తీసుకెళ్ళిన అమ్మకు కళ్ళు తిరిగాయి. నర్సమ్మ పరీక్ష చేస్తే షుగరు మూడొందలు! మందులు మొదలుపెట్టాక అమ్మ ఇప్పుడు కులాసాగా ఉంది.

కొత్త అర్జీ జతచేస్తున్నాను. ఆ గదిని షుగరు, బీపీ రోగులకు తెరవాలి. 'తెరవకపోతే మళ్ళీ బైఠాయిస్తాం' అని రాస్తే, "మందిచ్చినవాళ్ళని బెదిరిస్తావట్రా?" అని అమ్మ ఆ ముక్క కొట్టేయించింది. మొదటి సంతకం ఆమెదే.

ఇట్లు,
రెండో సంతకందారు